జీఎంని తిట్టే ముందు తేదీ చూడండి: ఐస్ హాకీ వాదనలకు సమస్య - పరిష్కారం

వరుసగా నాలుగు మ్యాచ్‌లు పోతే చాలు, జట్టుని కట్టే జనరల్ మేనేజర్ (జీఎం) మీద "జీఎం నిద్రపోతున్నాడు" అని మొదలవుతుంది. టొరంటోలో అదే మాట, కాల్గరీలో అదే మాట. డాలస్ స్టార్స్ ప్రాక్టీస్ చేసే ఫ్రిస్కోలో శనివారం మనవాళ్లు కలిసినా అదే మాట. చెప్పేది ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ గురించి, ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ గురించి కాదు. శాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) అంటే ఏమిటో, ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్ల బజారు) జులై 1న మొదలవుతుందని తెలిసినవాళ్ల కోసమే ఇది. తెలిసినవాళ్లే వదిలేసే తనిఖీ ఒకటుంది. మొదట దాని సంగతి చూద్దాం.

ఐపీఎల్ అలవాటుతో చూస్తే మోసపోతాం. అక్కడ కొన్నేళ్లకోసారి మెగా వేలం వచ్చి పాత పద్దులు చాలావరకు చెరిపేస్తుంది. ఇక్కడ చెరిపేసే వేలం లేదు. 2012లో పెట్టిన సంతకం 2029 దాకా పద్దులో కూర్చోగలదు. అందుకే ఏ కాంట్రాక్ట్ గురించి నోరు తెరిచినా ముందు మూడు గడులు చూడాలి: సంతకం తేదీ, ఆ రోజు కుర్చీలో ఉన్నది ఎవరు, ట్రేడ్ (ఇంకో జట్టుకి మార్పిడి) నిరాకరణ హక్కు ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది. కాంట్రాక్టుల వెబ్‌సైట్ పక్‌పీడియాలో ఆటగాడి పేరు కొడితే ఇవన్నీ ఒకే పేజీలో కనిపిస్తాయి. అర నిమిషం పని. అయినా ఎవరూ చేయరు.

లక్షణం: "అంత జీతం తీసుకునేవాణ్ని ఎందుకు అమ్మేయడు?"

కారణం దాదాపు ఎప్పుడూ ఆ మూడో గడిలోనే ఉంటుంది. టొరంటో మేపుల్ లీఫ్స్‌ని తీసుకోండి. మిచ్ మార్నర్ ఆరేళ్ల కాంట్రాక్ట్ 2019 సెప్టెంబర్‌లో జీఎం కైల్ డూబస్ హయాంలో కుదిరింది. మొదటి నాలుగేళ్లు ఏ రక్షణా లేదు. 2023 జులై 1 నుంచి పూర్తి నో మూవ్ క్లాజ్, అంటే ఆటగాడు ఒప్పుకోకపోతే ఎక్కడికీ పంపలేరు. డూబస్‌ని 2023 మే 19న తీసేశారు. బ్రాడ్ ట్రెలివింగ్ వచ్చింది మే 31న. ఆస్టన్ మాథ్యూస్ క్లాజ్ కూడా అదే జులై 1న మొదలైంది. కొత్త జీఎంకి చేతులు ఖాళీగా దొరికింది ఒక్క నెల. ఆ నెలలో డ్రాఫ్ట్ (కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఉంది, సొంత ఉద్యోగులనే ఇంకా పరిచయం చేసుకోవాలి. ఆ తర్వాత రెండేళ్లూ "ట్రెలివింగ్ మార్నర్‌ని ఎందుకు కదపడు" అని అరిచిన అరుపులన్నీ తప్పు తలుపు మీద పడ్డ దెబ్బలే. చివరికి 2025 జూన్ 30న మార్నర్ కొత్త కాంట్రాక్ట్ సంతకంతో సహా వేగస్‌కి వెళ్లాడు, బదులుగా వచ్చింది నికొలా రా ఒక్కడే.

పరిష్కారం: ప్రశ్నను "ఎందుకు అమ్మడు" నుంచి "ఏ తేదీలోపు అమ్మగలిగేవాడు, ఆ తేదీకి కుర్చీలో ఎవరున్నారు" కి మార్చండి. పది జట్లకు మాత్రమే వెళ్లనని చెప్పే జాబితా తరహా పాక్షిక నిరాకరణ అయితే సంగతి వేరు. అక్కడ జీఎంకి ఇంకా ఇరవైకి పైగా తలుపులు తెరిచే ఉంటాయి, కాబట్టి తిట్టినా న్యాయమే.

లక్షణం: "క్యాప్ అంతా నిండిపోయింది, జట్టులో మాత్రం మనుషుల్లేరు"

కారణం డెడ్ క్యాప్. ఆడనివాళ్ల పేరిట కాలిపోయే డబ్బు ఇది. మిన్నెసోటా వైల్డ్ కథే ఇందుకు పాఠ్యపుస్తకం. 2012 జులై 4న జాక్ పరీసే, రయన్ సూటర్ ఇద్దరూ చెరి 13 ఏళ్లకు 98 మిలియన్ డాలర్ల చొప్పున సంతకం చేశారు. అప్పటి జీఎం చక్ ఫ్లెచర్. 2021 జులై 13న, అప్పటికి జీఎం అయిన బిల్ గెరిన్ ఇద్దరినీ బైఅవుట్ చేశాడు, అంటే కొంత డబ్బిచ్చి కాంట్రాక్ట్ తెంచేశాడు. "గెరిన్ జట్టుని ముంచాడు" అనేవాళ్లు కింది లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఒక్కొక్కరికి ఇంకా నాలుగేళ్లు మిగిలాయి. అసలు జీతాలు 6, 2, 1, 1 మిలియన్లు, మొత్తం 10. 26 ఏళ్లు నిండినవాడిని బైఅవుట్ చేస్తే మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలంలో ఇవ్వాలి. అంటే 6.67 మిలియన్లు ఎనిమిదేళ్లలో, ఏడాదికి 0.833. ఇంతవరకూ చవకే. కానీ క్యాప్ లెక్క వేరు: అసలు క్యాప్ హిట్ (98ని 13 ఏళ్లకు సమంగా పంచితే పద్దులో పడే అంకె) 7.538 లోంచి ఆ ఏడాది జట్టుకి నిజంగా మిగిలిన జీతమే తీసేస్తారు. మొదటి ఏడాది 6 బదులు 0.833 ఇచ్చారు కాబట్టి మిగులు 5.167, పద్దులో 2.37. రెండో ఏడాది జీతమే 2, మిగులు 1.167, పద్దులో 6.37. మూడు, నాలుగు ఏళ్లలో జీతం 1, కాబట్టి 7.37. ఇద్దరికీ కలిపితే 2023-24లోనూ 2024-25లోనూ 14.74 మిలియన్లు. 2023-24లో లీగ్ క్యాప్ 83.5 మిలియన్లు. అంటే మిగతా జట్లు వంద రూపాయలతో బజారుకెళ్తే మిన్నెసోటా 82 రూపాయలతో వెళ్లింది.

ముంచింది 2012 కాంట్రాక్ట్‌లో చివరి ఏళ్లకు జీతాన్ని కిందికి దించిన ఆ ఆకారం. గెరిన్ ఎంచుకున్నది నొప్పి ఏ ఏళ్లలో రావాలన్నది మాత్రమే. పైగా మరో వారంలో సియాటిల్ ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ (కొత్త జట్టు మిగతా జట్ల నుంచి ఆటగాళ్లను ఎంచుకునే రోజు) ఉంది. నో మూవ్ క్లాజ్ ఉన్న ఆ ఇద్దరినీ కాపాడాల్సి వస్తే, కుర్రవాళ్లు ఇద్దరికి రక్షణ పోయేది. 2025-26 నుంచి ఆ భారం ఏడాదికి 1.67 మిలియన్లకు దిగిపోయింది. కిరిల్ కప్రీజోవ్‌తో ఎనిమిదేళ్లకు 136 మిలియన్ల ఒప్పందం 2025 సెప్టెంబర్‌లో కుదిరిందంటే, ఆ ఖాళీ ఏర్పడడం కూడా ఒక కారణం.

పరిష్కారం: జట్టు క్యాప్ పేజీ కింది భాగం దాకా దిగండి. బైఅవుట్లు, జీతంలో సగం భరించి పంపినవాళ్లు, మైనర్ లీగ్‌లో పాతిపెట్టినవాళ్లు అక్కడుంటారు. ఆ మొత్తాన్ని లీగ్ క్యాప్ లోంచి తీసేసి, మిగిలినదాంతోనే జీఎంని తూచండి.

లక్షణం: "పోయినేడు 110 పాయింట్లు, ఈ ఏడు ప్లేఆఫ్స్‌కే దిక్కులేదు. జట్టు అదే. జీఎం చెడగొట్టాడు"

అందరినీ ముంచేది ఇదే. తెలివైనవాళ్లు కూడా ఇక్కడే పడతారు. పైకి చూస్తే తప్పంతా వేసవిలో జరిగిన మార్పులదే అనిపిస్తుంది. ఎవరో వెళ్లిపోయారు, ఎవరో వచ్చారు, వేలు చూపడానికి పేరు సిద్ధంగా ఉంటుంది. అసలు దోషం చాలాసార్లు పోయినేటి అంకెల్లోనే దాక్కుని ఉంటుంది.

పీడీఓ అనే అంకె ఉంది. ఫైవ్ ఆన్ ఫైవ్ (రెండు వైపులా ఐదుగురేసి ఉన్న) ఆటలో మన షాట్లలో గోల్ అయిన శాతం, మన గోలీ (గోల్‌కీపర్) ఆపిన శాతం, రెండూ కలిపితే వచ్చేది. లీగ్ మొత్తానికి ఇది సరిగ్గా 100. ఒకరి గోల్ ఇంకొకరి గోలీ ఖాతాలో పడాల్సిందే మరి. సాధారణ జట్టు 8 చుట్టూ, 92 చుట్టూ ఉంటుంది. ఒక సీజన్‌లో జట్టు ఫైవ్ ఆన్ ఫైవ్‌లో గోల్ మీదికి కొట్టే షాట్లు సుమారు 2,000. అందులో ఒక్క శాతం పెరిగితే 20 గోల్స్. ఆరు గోల్స్‌కి ఒక గెలుపు అని మోటు లెక్క. అంటే పీడీఓ 102 ఉన్న జట్టు ఖాతాలో 40 గోల్స్, ఆరేడు గెలుపులు, గెలుపుకి రెండు చొప్పున దగ్గర దగ్గర 13 పాయింట్లు గాలికి వచ్చినవి కావచ్చు. గాలికి వచ్చింది గాలికే పోతుంది.

కొలరాడో అవలాంచ్ 2013-14లో 112 పాయింట్లతో సెంట్రల్ డివిజన్ గెలిచింది. షాట్ల వాటాలో మాత్రం సగానికంటే తక్కువే, ఎదుటివాళ్లే ఎక్కువ కొట్టేవాళ్లు. గోలీ సెమ్యోన్ వర్లామోవ్ 92.7 శాతం ఆపాడు. మరుసటి ఏడాది 90 పాయింట్లు, ప్లేఆఫ్స్ లేవు. వేసవిలో పాల్ స్టాస్ట్నీ వెళ్లాడు, జరోమ్ ఇగిన్లా వచ్చాడు. వాదనంతా ఆ రెండు పేర్ల చుట్టూనే తిరిగింది. పదేళ్ల తర్వాత వాంకూవర్ కనక్స్: 2023-24లో 109 పాయింట్లు, 2024-25లో 90. ఆ మొదటి ఏడాది పీడీఓలో లీగ్‌లోనే పై వరుసలో ఉంది. బ్రాక్ బోజర్ గోల్స్ 40 నుంచి 25కి, ఎలియాస్ పెటర్సన్ పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) 89 నుంచి 45కి దిగాయి. (రెండు జట్ల కోచ్‌లకూ ఆ మంచి ఏడాదిలోనే ఉత్తమ కోచ్‌కిచ్చే జాక్ ఆడమ్స్ ట్రోఫీ వచ్చింది. కోచ్‌కి ఆ ట్రోఫీ వస్తే సంబరంతోపాటు పీడీఓ కూడా చూసుకోవడం మేలు.) వాంకూవర్‌లో పెటర్సన్‌కీ జె.టి. మిల్లర్‌కీ పడకపోవడం కూడా నిజమే, మిల్లర్‌ని జనవరి చివర్లో రేంజర్స్‌కి పంపేశారు. కానీ పడిపోయిన 19 పాయింట్లనూ ఆ గొడవ మీదే రాయడం లెక్క తప్పడమే.

ఈ దోషం మోసకారి ఎందుకంటే జీఎం కూడా ఇందులోనే పడతాడు. శాతాలు పొంగిన ఏడాదిలోనే పెద్ద సంతకాలు పడతాయి. పెటర్సన్ ఎనిమిదేళ్లకు ఏడాదికి 11.6 మిలియన్ల ఒప్పందం 2024 మార్చి 2న, జట్టు మంచి ఊపులో ఉన్నప్పుడు కుదిరింది. కాబట్టి ఇక్కడ జీఎంని అడగాల్సిన ప్రశ్న ఉంది, కానీ అది "ఈ ఏడు ఎందుకు ఓడాం" అన్నది కాదు. "పోయినేటి గాలిని నిజమనుకుని ఏం కొన్నావు" అన్నది.

తనిఖీ ఇలా చేయాలి. గణాంకాల వెబ్‌సైట్ నేచురల్ స్టాట్ ట్రిక్ తెరిచి జట్ల పట్టికలో ఫైవ్ ఆన్ ఫైవ్ పెట్టండి. అన్ని సందర్భాలూ కలిపి చూడొద్దు. పవర్ ప్లే (శిక్ష వల్ల ఎదుటివాళ్లలో ఒకరు తగ్గిన సమయం), ఖాళీ గోల్‌లోకి కొట్టినవి కలిస్తే అంకె పాడవుతుంది. కనీసం 25 మ్యాచ్‌లు కావాలి. అంతకంటే తక్కువైతే ఏ జట్టుకైనా ఏ అంకె అయినా వస్తుంది. పీడీఓ 99 నుంచి 101 మధ్య ఉంటే అదృష్టం మీద నెట్టొద్దు, పై రెండు లక్షణాలకు వెళ్లండి. 102 దాటితే, లేదా 98 కంటే పడితే, పక్కనే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (షాట్ల నాణ్యతను బట్టి రావాల్సిన గోల్స్) వాటా చూడండి. పీడీఓ ఎక్కువ, వాటా 50 కంటే తక్కువ అయితే గెలుస్తున్నప్పుడే కంగారు పడాలి. ఆ వేసవిలో జీఎం ఎంత తక్కువ ఖర్చు పెడితే అంత మంచిది. పీడీఓ తక్కువ, వాటా 52 పైన అయితే ఓడుతున్నా జట్టుని ముట్టుకోకూడదు. "అందరినీ అమ్మేయండి" అనే కేకలు గట్టిగా వినిపించేది సరిగ్గా అప్పుడే.

ఒక మినహాయింపు తప్పక చూడాలి. గోలీ మూడేళ్లుగా లీగ్ సగటు కంటే పైన నిలబడుతున్నాడా? విన్నిపెగ్‌లో కానర్ హెలబక్ ఉన్నన్నాళ్లూ ఆ జట్టు పీడీఓ 100 పైన ఉండడం అదృష్టం కాదు. 2024-25లో 116 పాయింట్లు, హెలబక్‌కి హార్ట్ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు), వెజీనా (ఉత్తమ గోలీ) ట్రోఫీలు రెండూ వచ్చాయి. అలాంటి గోలీని తెచ్చిపెట్టుకుని నిలుపుకోవడం జీఎం ఘనతే. ఒక్క ఏడాది మెరిసిన గోలీకి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

తిరగేసి చూస్తే కూడా కొలరాడోనే ఉదాహరణ. 2016-17లో 48 పాయింట్లు, 166 గోల్స్ వేసి 278 ఇచ్చారు. జీఎం జో సాకిక్‌ని తీసేయమని అరవనివాడు లేడు. మాట్ డషేన్‌ని ఏ ధరకైనా అమ్మేయమన్నారు. సాకిక్ ఆగాడు. 2017 నవంబర్ 5న డషేన్‌ని పంపిన మూడు జట్ల ట్రేడ్‌లో శామ్యూల్ జిరార్డ్‌తోపాటు, తర్వాత బోవెన్ బైరమ్‌గా మారిన మొదటి రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంపిక హక్కు) కూడా వచ్చింది. ఆ సీజన్ 95 పాయింట్లు, 2022లో స్టాన్లీ కప్. 48 పాయింట్ల జట్టు నిజంగానే చెడ్డది, కాదనలేం. కానీ కనిపించినంత చెడ్డది కాదు. చవకగా అమ్మకుండా ఆగగలిగింది ఆ తేడా వల్లే.

లక్షణం: "ఆ ట్రేడ్‌లో మనల్ని దోచేశారు"

2022 జులైలో కాల్గరీ మాథ్యూ కచుక్‌ని ఫ్లోరిడాకి పంపి జొనాథన్ హ్యూబర్డో, మెకెంజీ వీగర్, కోల్ ష్విండ్, ఒక మొదటి రౌండ్ పిక్ తెచ్చుకుంది. కచుక్ అక్కడ దీర్ఘకాలం ఉండనని ముందే చెప్పాడు, కాబట్టి అమ్మక తప్పని స్థితి. ఆ స్థితికి అది మంచి బేరమే. దెబ్బ కొట్టింది ఆగస్టులో హ్యూబర్డోకి ఇచ్చిన ఎనిమిదేళ్ల, ఏడాదికి 10.5 మిలియన్ల పొడిగింపు, అతను 115 పాయింట్లు కొట్టిన వెంటనే. మరుసటి ఏడాది 55. ట్రేడ్ ఒక నిర్ణయం, కాంట్రాక్ట్ ఇంకో నిర్ణయం. రెండిటినీ విడదీసి మార్కులు వేయండి. ఫ్లోరిడా వైపు కూడా అంతే: గోలీ బాబ్రోవ్‌స్కీకి ఏడేళ్లకు ఏడాదికి 10 మిలియన్లు రాసిచ్చింది అప్పటి జీఎం డేల్ టాలన్, 2019లో. రెండు కప్పులు గెలిచింది తర్వాతి జీఎం బిల్ జీటో కాలంలో. జీటో సొంత లెక్కలో రాయాల్సినవి వేవర్స్‌లో (వేరే జట్టు వదిలేసినవాళ్ల జాబితాలో) ఊరికే దొరికిన గుస్తావ్ ఫోర్స్‌లింగ్, 2020లో ఏడాదికి మిలియన్‌కి వచ్చిన కార్టర్ వర్హేగీ లాంటివి.

అరుదైనవి

ఆఫర్ షీట్ దెబ్బ (ఇంకో జట్టు కుర్రాడికి నేరుగా కాంట్రాక్ట్ రాసివ్వడం): 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ ఎడ్మంటన్ నుంచి బ్రోబర్గ్‌నీ హాలొవేనీ ఒకేసారి ఎత్తుకుపోయింది. అరుదుగా జరుగుతుంది, ప్రతి వేసవీ భయపడక్కర్లేదు. గాయాల జాబితా అడ్డం పెట్టుకుని ప్లేఆఫ్స్‌లో క్యాప్ దాటడం: 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌కీ క్యాప్ వచ్చింది, ఆ వాదన ఇక మూసేయొచ్చు. యజమాని జోక్యం: ఉంటుంది, కానీ బయటివాళ్లకి రుజువు దొరకదు, దాంతో వాదన గెలవలేం.

ఇవన్నీ దాటాక మిగిలేది అసలైన జీఎం తప్పు. దాని రూపం తేలిగ్గానే గుర్తుపట్టొచ్చు: సంతకం అతనిదే, తేదీ అతని కాలందే, ముప్పై దాటిన నాలుగో లైన్ (కాసేపే ఆడే) ఆటగాడికి ఐదేళ్లు, పైగా నిరాకరణ హక్కు. అలాంటివి మూడు ఒకే పేజీలో కనిపిస్తే పీడీఓ తెరవాల్సిన పని కూడా లేదు.