లైసెన్సు ఇంట్లో మరిచి బండి నడిపితే చలాన్ ఎంత? స్టేషన్‌లో దరఖాస్తు ఎలా పెట్టాలి?

తనిఖీలో అడిగినప్పుడు లైసెన్సు చూపించలేకపోవడం ఒక తప్పు. అసలు లైసెన్సే తీసుకోకుండా బండి నడపడం ఇంకో తప్పు. రెండింటికీ సెక్షన్లు వేరు, జరిమానా వేరు, తర్వాత జరిగేదీ వేరు. ఈ తేడా తెలియకపోతే లైసెన్సు ఉన్నవాళ్లు కూడా లేనివాళ్ల కింద జరిమానా కట్టి రావాల్సి వస్తుంది. అది అన్యాయం. తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది.

చట్టం ఏమంటుంది

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి. చూపించలేకపోతే సెక్షన్ 177 కింద మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ దొరికితే 1,500 వరకు జరిమానా. ఇవి 2019 సవరణ తర్వాతి అంకెలు. లైసెన్సే లేకపోతే అది సెక్షన్ 181 కిందికి వస్తుంది. 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్సు లేదని తెలిసీ బండి ఇచ్చిన యజమాని మీద సెక్షన్ 180 కింద విడిగా కేసు పెట్టొచ్చు. 18 ఏళ్లు నిండని పిల్లలకు తాళాలిస్తే సెక్షన్ 199ఏ. తల్లిదండ్రులకో యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు.

రోడ్డు మీద రాసే చలాన్ మొత్తాన్ని మాత్రం సెక్షన్ 200 కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అందుకే చలాన్ మీద అంకె పైవాటికంటే తక్కువ కనిపించొచ్చు. అంకె కంటే ముందు చూడాల్సింది అక్కడ ఏ తప్పు రాశారన్నది.

బండి సీజు సంగతికొస్తే, సెక్షన్ 207 లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా, అవసరమైన చోట పర్మిట్ లేకుండా నడిపే బళ్ల గురించి చెబుతుంది. కార్డు ఇంట్లో మరిచిపోవడం ఒక్కటే సీజుకు కారణం కాదు. కానీ లైసెన్సు ఉందని అధికారికి నమ్మకం కుదరాలి కదా. లైసెన్సు నంబరు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే, అక్కడికక్కడే ఆన్‌లైన్‌లో చూసి తేల్చుకునే వీలుంటుంది.

ఫోన్‌లో చూపిస్తే చెల్లుతుందా

చెల్లుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ దాన్ని 2018లో సవరించి ఎలక్ట్రానిక్ పత్రాలకు కూడా చోటిచ్చారు. డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో వచ్చే లైసెన్సు అసలు కార్డుతో సమానం. తెలంగాణ రవాణా శాఖ 2016లో తెచ్చిన ఆర్‌టీఏ ఎం-వాలెట్ కూడా ఇందుకోసమే. వాట్సాప్‌లో పంపించుకున్న ఫొటో, గ్యాలరీలోని స్క్రీన్‌షాట్ మాత్రం లెక్కలోకి రావు.

యాప్‌లో లైసెన్సు రాకపోవడానికి తరచు కనిపించే కారణం పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లైసెన్సులో ఒక్క అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ తేడా ఉన్నా ఇంతే. ఉమ్మడి రాష్ట్రంలో తీసుకున్న పాత లైసెన్సులైతే నంబరును ఖాళీలు, గీతలు లేకుండా కొట్టి చూడండి. అయినా రాకపోతే ఆర్‌టీఏ ఆఫీసులో వివరాలు సరిచేయించుకోవాలి. మన్ననూర్ దాటి శ్రీశైలం అడవి దారిలో వెళ్లేవాళ్లు ఫోన్‌ను నమ్ముకోకుండా కార్డు వెంట తీసుకెళ్లడమే మేలు. అక్కడ సిగ్నల్ సరిగా అందదు.

చలాన్ రాశాక ఏం చేయాలి

అదే 139వ నిబంధన ఇంకో వెసులుబాటు ఇచ్చింది. అడిగిన సమయంలో పత్రాలు దగ్గర లేకపోతే, అటెస్ట్ చేయించిన నకళ్లు 15 రోజుల్లో స్వయంగా చూపించొచ్చు, లేదా అడిగిన అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపొచ్చు. చట్టంలోని సెక్షన్ 158 మాత్రం ఇన్సూరెన్సు సర్టిఫికెట్ లాంటి పత్రాలు చూపించడానికి 7 రోజులే ఇస్తుంది. కాబట్టి 15 రోజులు ఉన్నాయి కదా అని ఆగొద్దు, 7 రోజుల్లోపే పని ముగించండి.

చలాన్ చేతికి రాగానే మూడు చూసుకోండి: తప్పు కింద ఏం రాశారు, ఏ స్టేషన్, ఏ సమయం. లైసెన్సు ఉన్నా ‘లైసెన్సు లేదు’ అని పడితే వెంటనే డబ్బు కట్టొద్దు. కట్టారంటే ఆ తప్పు ఒప్పుకుని రాజీ చేసుకున్నట్టే, తర్వాత దిద్దించడం కష్టం. కేసు కోర్టుకు వెళ్లినా అంతే. ఏ సెక్షన్ కింద పెట్టారో అడగకుండా తప్పు ఒప్పుకోకండి. లైసెన్సు నకలు మేజిస్ట్రేటు ముందు పెట్టండి.

స్టేషన్‌కు వెళ్లేటప్పుడు అసలు లైసెన్సు, గెజిటెడ్ అధికారి అటెస్ట్ చేసిన నకలు, చలాన్ ప్రింటు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు నకళ్లు తీసుకెళ్లండి. దరఖాస్తు తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు:

*గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,*
*విషయం: ఫలానా నంబరు చలాన్‌పై లైసెన్సు సమర్పించడం గురించి.*
*అయ్యా, ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చోట తనిఖీలో నా బండి (నంబరు) ఆపారు. ఆ సమయంలో లైసెన్సు నా వెంట లేదు. తనిఖీ నాటికి నాకు చెల్లుబాటులో ఉన్న లైసెన్సు ఉంది. దాని నంబరు, జారీ తేదీ, గడువు తేదీ ఇవి. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 139 ప్రకారం అటెస్ట్ చేసిన నకలు జతచేస్తున్నాను. పరిశీలించి చలాన్‌లో ‘లైసెన్సు లేదు’ అన్న నమోదును సవరించాలని కోరుతున్నాను.*

కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం, తేదీ. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. రేపు ఏ మాట వచ్చినా ఆ కాగితమే మీకు అండ.

అలంపూర్ చౌరస్తా దాటి కర్నూలులోనో, కృష్ణా దాటి రాయచూరులోనో చలాన్ పడితే మళ్లీ అంత దూరం పోనక్కర్లేదు. ఇదే దరఖాస్తు, అటెస్ట్ చేసిన నకలు కలిపి, రాసిన అధికారి హోదా, స్టేషన్ పేరు మీద అక్నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్డ్ పోస్టు చేయండి. పోస్టాఫీసు రసీదు దాచుకోండి.

లైసెన్సును పోలీసులే స్వాధీనం చేసుకుంటే సెక్షన్ 206 కింద తాత్కాలిక రసీదు ఇవ్వాలి. ఇంకో తనిఖీలో లైసెన్సు బదులు ఆ రసీదే చూపించాలి. రసీదు లేకుండా కార్డు ఇచ్చి రావద్దు.

కార్డు పోతే, గడువు తీరితే

కార్డు పోతే ముందు పోలీసు స్టేషన్‌లో పోయినట్టు ఫిర్యాదు ఇచ్చి కాగితం తీసుకోండి. తర్వాత తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో డూప్లికేట్ లైసెన్సుకు స్లాట్ బుక్ చేసి, ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, ఆ రోజు ఫిర్యాదు కాగితం, ఆధార్, ఫీజు రసీదుతో ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్లాలి.

గడువు తీరిన లైసెన్సు విషయంలో మాత్రం కనికరం లేదు. ఒకప్పుడు గడువు తర్వాత 30 రోజులు చెల్లేది, 2019 సవరణతో అది పోయింది. గడువు తీరిన మర్నాటి నుంచే లైసెన్సు లేనట్టు లెక్క. గడువుకు ఏడాది ముందు నుంచి, గడువు తర్వాత ఏడాది వరకు రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. ఆ ఏడాదీ దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు తప్పదు. 40 ఏళ్లు పైబడితే ఫారం 1ఏ మీద డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

ప్రమాదం జరిగినప్పుడు ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. చెల్లే లైసెన్సు ఉండి కార్డు మాత్రం ఇంట్లో ఉంటే, ఆ కారణంగా ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయలేదు. అసలు లైసెన్సే లేకపోతే, 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారిలో, బాధితులకు కంపెనీ చేత ముందు చెల్లింపజేసి, ఆ మొత్తాన్ని బండి యజమాని నుంచి వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ ఆదేశించొచ్చు.