పాత ఆప్షన్‌ని ఒక్కసారిగా పీకేయకండి

కమాండ్ లైన్ ఆప్షన్లని చదివే పైథాన్ లైబ్రరీ ఆర్గ్‌పార్స్‌లో ఆప్షన్ పేరు మార్చినా పాతదాన్ని ఉంచండి. వేళకి దానంతటదే నడిచే ఎవరి క్రాన్ స్క్రిప్టులోనో అది నడుస్తూనే ఉంటుంది. పాత పేరుకి విడిగా యాడ్-ఆర్గ్యుమెంట్ రాసి, డెస్ట్ (విలువ చేరే పేరు) మాత్రం కొత్తదానిదే ఇవ్వండి. హెల్ప్‌కి సప్రెస్ పెడితే జాబితాలో కనిపించదు, పని మాత్రం చేస్తుంది. పైథాన్ 3.13 వెర్షన్ నుంచి డెప్రికేటెడ్‌ని ట్రూ చేస్తే హెచ్చరిక దానంతటదే వస్తుంది. అంతకుముందు వెర్షన్లలో మనమే రాసుకోవాలి, అదీ హెచ్చరికలు వెళ్లే దారి స్టాండర్డ్ ఎర్రర్‌కే సుమా! స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి పంపితే పైపు అవతల ఆ అవుట్‌పుట్‌ని జేసన్ డేటాగా చదివే ప్రోగ్రాము మొదటి లైన్లోనే చతికిలబడుతుంది.

ఇంకో తిరకాసు: "--అవుట్" అని సగమే కొట్టినా ఆర్గ్‌పార్స్ "--అవుట్‌పుట్"గా తీసుకుంటుంది. రేపు "--అవుట్‌పుట్-డైరెక్టరీ" చేర్చారా, ఆ సగం పేరు వాడినవాళ్లకి ఎర్రరే. కొత్త టూల్ అయితే మొదటిరోజే ఈ సగం పేర్లని ఒప్పుకునే అలౌ-అబ్రెవ్‌ని ఫాల్స్ చేసేయండి.