షుగర్ దిగట్లేదా? చిగుళ్లు కూడా చూపించుకోండి

ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉండి, మందులు వేళకి వేసుకుంటున్నా, అన్నం తగ్గించినా మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) అంకె దిగట్లేదంటే ఒకసారి చిగుళ్లు చూడండి. పళ్లు తోముకుంటుంటే రక్తం రావడం, నోటి వాసన, పళ్లు కదలడం ఉంటే చిగుళ్ల జబ్బు కావచ్చు. షుగర్ ఎక్కువైతే చిగుళ్లు పాడవుతాయి, ఆ వాపు వల్ల ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక షుగర్ ఇంకా పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. డెంటిస్ట్ దగ్గర చిగుళ్ల లోపలి దాకా క్లీనింగ్ చేయించుకుంటే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం తగ్గొచ్చని పరిశోధనల్లో తేలింది. అలాగని మందులు మానేయకండి! క్లీనింగ్‌తో పళ్లు వదులైపోతాయన్నది ఉత్త అపోహ, గార పోయాక అలా అనిపిస్తుందంతే. ఖాళీ కడుపుతో వెళ్లకండి, రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.