ఉప్పుడు బియ్యం మిల్లులో బ్యాచ్ షెడ్యూలుకు ఐఎస్ఏ-88 ప్రమాణం

మండపేట ప్రాంతపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ధాన్యం నానడం, ఉడకడం, ఆరడం విడతల వారీగా సాగుతాయి కాబట్టి, విడతల (బ్యాచ్‌ల) వారీ తయారీ నియంత్రణకు ఐఎస్ఏ అనే ఆటోమేషన్ నిపుణుల సంస్థ 1995లో వెలువరించిన ఐఎస్ఏ-88 బ్యాచ్ ప్రమాణాన్ని అక్కడ చక్కగా అన్వయించుకోవచ్చు.

మొదట యంత్రాల పట్టికను, తయారీ పద్ధతిని వేర్వేరుగా రాసుకోండి. ఈ ప్రమాణానికి ప్రాణం ఆ విభజనే. ప్రతి తొట్టీ, ప్రతి డ్రయ్యరూ ఒక్కొక్క యూనిట్. మాస్టర్ రెసిపీలో, అంటే అన్ని బ్యాచ్‌లకూ ఆధారమైన మూల తయారీ పత్రంలో, ఏ రకం ధాన్యం ఎంత వేడి నీటిలో ఎన్ని గంటలు నానాలో, ఎలాంటి తొట్టి కావాలో మాత్రమే ఉండాలి. అందులో ‘మూడో తొట్టి’ అని రాస్తే, అది మరమ్మతుకు వచ్చిన రోజున రెసిపీనే తిరగరాయాల్సి వస్తుంది. ఫలానా తొట్టి అన్నది ఆ బ్యాచ్‌కు సంబంధించిన కంట్రోల్ రెసిపీలో (మాస్టర్ రెసిపీ నుంచి ఆ ఒక్క బ్యాచ్ కోసం తీసుకునే ప్రతిలో) తేల్చుకోవాలి.

షెడ్యూలు కోసం ప్రతి దశకూ కనిష్ఠ వ్యవధితోపాటు గరిష్ఠ నిరీక్షణ కాలాన్ని కూడా చేర్చండి. చాలామంది వదిలేసేది దీన్నే. నానిన ధాన్యం డ్రయ్యర్ ఖాళీ లేక తొట్టిలోనే ఉండిపోతే పులిసి వాసన పట్టేస్తుంది. అందువల్ల డ్రయ్యర్ ఖాళీ అయ్యే సమయం నుంచి వెనక్కి లెక్కగట్టి తొట్టి నింపాలి. బాయిలర్‌ను ఉమ్మడి వనరుగా నమోదు చేసి, ఒకేసారి ఎన్ని యూనిట్లకు ఆవిరి అందించగలదో రాయాలి.

ఆర్డర్ల సాఫ్ట్‌వేర్‌తో సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి బి2ఎంఎంఎల్ సరిపోతుంది; వ్యాపార సాఫ్ట్‌వేర్‌ను తయారీ వ్యవస్థలతో కలిపే ఐఎస్ఏ-95 ప్రమాణం ఆధారంగా రూపొందిన ఎక్స్ఎంఎల్ డేటా రూపం ఇది.