పాత బండి పొగ కక్కుతాంటే, ఇంజన్ బోరుకు దించే ముందు ఇవి చూసుకోండి

మాది 2009 మోడల్ డీజిల్ బండి, మీటరు 2 లక్షల 80 వేలు దాటింది, కడప నుంచి రాయచోటికి వారానికి రెండు మూడు సార్లు గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగడమే దాని పని. పోయిన చలికాలం పొద్దున్నే సెల్ఫ్ కొడితే తెల్లపొగ సందంతా కమ్ముకునేది, ఎదురింటి అవ్వ "ఏం నాయనా, దోమలమందు కొడ్తాండావా" అని ఎగతాళి చేసేది. మెకానిక్ దగ్గరికి తీస్కపోతే బానెట్ కూడా లేపకుండా "హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నా, ఎట్లా హెడ్డు లేపుతాం కాబట్టి బోరు కూడా చేయించేద్దాం" అన్నాడు. హెడ్డంటే సిలిండర్ల మీది మూతలాంటి భాగం, గ్యాస్కెట్ దాని కింద ఉండే సీలు, బోరంటే సిలిండర్లు కొంచెం పెద్దగా కోయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయడం. నాకేమో మనసొప్పలేదు, ఇంకొకాయన దగ్గరికి పోతే మల్టీమీటర్ పెట్టి చూసినాడు, నాలుగు గ్లో ప్లగ్గుల్లో (చల్లటి డీజిల్ ఇంజన్‌ని స్టార్టుకు వేడి చేసేవి) మూడు చచ్చిపోయి ఉండాయి. అంతే సంగతి.

పొగ రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్తే ఇట్లనే అయితాది. రంగుతో పాటు అది ఎప్పుడొస్తాంది, ఏం వాసనొస్తాంది, ఏది తగ్గుతాంది, ఈ మూడూ చూడల్ల. ఒక వారం రోజులు ఫోన్‌లోనే రాసి పెట్టుకోండి: చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే వస్తాందా, ఐడిల్‌లోనా, ఘాటు ఎక్కేటప్పుడా, దిగి మళ్ళీ యాక్సిలేటర్ తొక్కినప్పుడా. పొద్దున రేడియేటర్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ఎంతుంది, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద ఆయిల్ ఎంతుంది, అది కూడా. ఈ లెక్క చేతిలో ఉంటే మెకానిక్ కూడా ఊరికే నోటికొచ్చింది చెప్పడు.

ఇంకోటి, పాత తెల్లబట్ట ఒకటి కర్రకు కట్టి, ఆరుబయట, సైలెన్సర్ నుంచి జానెడు దూరంలో ఒక నిమిషం పట్టండి, చేత్తో పట్టుకోవద్దు కాలుతాది, సైలెన్సర్ మూయొద్దు. పొడి మసి అంటితే డీజిల్ సరిగ్గా కాలట్లే, జిడ్డుగా వేలికి సాగితే ఆయిల్, తడిచి ఆరిపోతే నీళ్ళు. పెద్ద ల్యాబేం కాదు గానీ నల్లదా నీలందా అని మొగుడూ పెళ్ళాం కొట్లాడుకోకుండా ఇది తేల్చేస్తాది. నీలం పొగని ఎండలో చూస్తే చానామందికి తెల్లగానే కనిపిస్తాది, బండి వెనకాల నల్లటి గోడో చెట్టు నీడో ఉండేటట్లు నిలబెట్టుకుని చూడండి.

తెల్లపొగ సంగతి ముందు. చలికాలం పొద్దున సైలెన్సర్‌లో చేరిన తేమ ఆవిరై రెండు మూడు నిమిషాల్లో మాయమైతే అది రోగమే కాదు, వదిలేయండి. కళ్ళు మండేటట్లు పచ్చి డీజిల్ వాసన కొడ్తా, ఇంజన్ మూడు కాళ్ళ మీద కుంటుతున్నట్లు వణుకుతా, వేడెక్కినంక తగ్గిపోతే గ్లో ప్లగ్గు, నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది), లేదంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గడం, ఈ వరసలో చూడండి. గ్లో ప్లగ్గు కనెక్షన్ తీసి మల్టీమీటర్‌తో ప్లగ్గుకీ ఇంజన్ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ చూస్తే మామూలుగా ఒక ఓం అటూ ఇటూ ఉంటాది, ఏమీ చూపించకపోతే అది పోయినట్లే. ప్లగ్గులన్నీ బాగుండి కూడా ఇదే గోల ఉంటే వాటికి కరెంటు ఇచ్చే రిలే చూడల్ల.

నాజిల్ అనుమానమైతే, పాతకాలం పంపు ఇంజన్ అయితేనే, ఐడిల్‌లో ఒక్కొక్క పైపు నట్టు కొంచెం వదులు చేసి చూస్తారు, ఏ సిలిండర్‌ది వదిలినప్పుడు ఇంజన్ శబ్దం మారదో అది పని చేయట్లేదని లెక్క. సీఆర్‌డీఐ బండి (అన్ని నాజిళ్ళకీ ఒకే పైపు నుంచి గట్టి ప్రెషర్‌తో డీజిల్ పోయే కొత్తరకం) అయితే ఈ పని చచ్చినా చేయొద్దు, ఆ పైపుల్లో ప్రెషర్ వెయ్యి బార్ పైన దాకా పోతాది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతాది. దానికి డీజిల్ పంపు షాపులో టెస్టింగే దిక్కు.

తియ్యటి వాసనతో మందంగా వచ్చి, ఇంజన్ వేడెక్కినా తగ్గకుండా, కింద ఒక్క చుక్క కారకుండానే కూలెంట్ తగ్గుతాంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ అనుమానించల్ల. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి, అన్నం ఉడికినట్లు బుడగలు ఆగకుండా వస్తాంటే గ్యాస్ కూలెంట్‌లోకి దూరుతాంది. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు, మొహం కాల్చుకున్నోళ్ళని చూసినా. ఆయిల్ మూత కింద మీగడలాంటిది కనిపిస్తే వెంటనే భయపడొద్దు, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి తేమతో కూడా అట్లే పడతాది, డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిపిన టీ రంగుంటే అప్పుడు బండి కదిలించకుండా టోయింగ్ చేయించండి.

మన సీమలో ఈ గ్యాస్కెట్లు పోవడానికి పెద్ద కారణం బోరు నీళ్ళు. కూలెంట్ ఎందుకులే దండగ అని చేన్లో బోరు నీళ్ళు పోస్తారు, బిందె అడుగున పేరుకునే ఆ తెల్ల పెచ్చే రేడియేటర్ లోపల కూడా కడతాది, నీళ్ళు తిరగవు, మే నెల ఎండలో ఘాటు మధ్యన టెంపరేచర్ ముల్లు పైకి లేస్తాది, హెడ్డు వంగుతాది. గ్యాస్కెట్ ఒక్కటి మార్చి బిగిస్తే మూడు నెల్లకి మళ్ళీ అదే కథ. హెడ్డును లేత్ షాపులో చెక్ చేయించి ఫేసింగ్ కొట్టించల్ల (అడుగు చదును చేయించల్ల), పగులుందేమో ప్రెషర్ టెస్ట్ చేయించల్ల, బోల్టులు మాన్యువల్‌లో కొత్తవి వేయమని ఉంటే కొత్తవే వేయల్ల, టార్క్ రెంచ్‌తో వరస ప్రకారం బిగించల్ల. అసలు ఎందుకు వేడెక్కిందో, రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు, ఫ్యాను, అది కూడా అప్పుడే తేల్చుకోండి.

నీలం పొగ అంటే ఆయిల్ కాలతాంది. దీనికే ఎక్కువగా బోరు చెప్తారు, చానా సార్లు అక్కర్లేకుండా. ముందు ఖర్చు లేనివి చూడండి: ఆయిల్ మ్యాక్స్ గీత దాటి పోసినారా, బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) జిడ్డుతో మూసుకుపోయిందా. రాత్రంతా నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేస్తే ఒక్క బుస్సుమని నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్కనుంచి ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపేవి) పోయినట్లు. పెట్రోల్ బండి అయితే ఇంకో గుర్తు, ఘాటు దిగేటప్పుడు యాక్సిలేటర్ వదిలేసి గేర్‌లో దిగి, కింద మళ్ళీ తొక్కగానే వెనకాల నీలం మబ్బు లేస్తాది, ఎందుకంటే త్రాటిల్ మూసినప్పుడు పుట్టే వాక్యూమ్ ఆయిల్‌ని వాల్వ్ గైడ్ల లోంచి కిందికి గుంజుతాది. డీజిల్‌లో ఆ వాక్యూమ్ తక్కువ, ఈ గుర్తు మీద ఆధారపడొద్దు. చానా ఇంజన్లకి సిలిండర్‌లోకి గాలి కొట్టి వాల్వులు కింద పడకుండా ఆపి హెడ్డు దించకుండానే సీల్స్ మార్చొచ్చు, చేయనంటే ఆ పని తెలిసినోడిని వెతుక్కోండి.

పిస్టన్ రింగులు పోతే నీలం పొగ లోడు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగకుండా వస్తాది. ఇంజన్ వేడెక్కినాక ఐడిల్‌లో ఆయిల్ మూత వదులు చేసి దాని మీదే పెట్టి చూడండి, కొంచెం కదిలితే పర్లేదు, పొగ కక్కుతా మూత ఎగిరెగిరి పడ్తాంటే బ్లోబై (రింగుల పక్కనుంచి గ్యాస్ కిందికి దూరడం) ఎక్కువుందని. అప్పుడు కూడా కంప్రెషన్ టెస్ట్ చేయించి నంబర్లు కాగితం మీద రాయించుకోండి. మామూలుగా పెట్రోల్‌కి 120 నుంచి 180 పీఎస్ఐ మధ్య, డీజిల్‌కి 350 పైన ఉంటాది, మీ ఇంజన్‌కి ఎంతనేది మాన్యువల్‌లో చూడండి, కానీ సిలిండర్లకీ సిలిండర్లకీ ఎంత తేడా అనేదే నాకు ముఖ్యం. పెట్రోల్ బండిలో తక్కువున్న సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలిస్తే, నంబరు బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. డీజిల్‌లో ఆయిల్ పోయొద్దు, లోపల జాగా తక్కువ, ఇంజన్ లాకవుతాది, దానికి లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి కొట్టి ఎక్కడ కారుతాందో చూడడం) ఉంది.

టర్బో (ఇంజన్‌లోకి గాలిని గట్టిగా తోసేది) ఉంటే, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు విప్పి చూడండి. లోపల కొంచెం తేమగా ఉండడం మామూలే, ఆయిల్ నిలబడి కారుతాంటే టర్బో సీల్ పోయినట్లు, దీన్ని మాత్రం నాన్చొద్దు. ఆ ఆయిల్‌నే డీజిల్ లెక్క తాగి ఇంజన్ తనంతట తానే రేసెక్కిపోతాది, తాళం తీసినా ఆగదు. అట్లయితే పెద్ద గేర్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేసి ఆపేయల్ల, చెయ్యి మాత్రం ఇంజన్ దగ్గరికి పోనియ్యొద్దు.

నల్లపొగ సులువు, గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. ఎర్రగుంట్ల పక్క సిమెంటు దుమ్ము, నాపరాళ్ళ పాలిష్ దుమ్ము తినే బండికి పుస్తకంలో రాసినన్ని కిలోమీటర్లు ఎయిర్ ఫిల్టర్ ఆగదు, సగానికే మార్చండి. పంక్చర్ షాపులో గట్టిగా గాలి కొట్టించి మళ్ళీ వేసుకునేటోళ్ళకి ఒక మాట, కాగితం చినిగిందంటే ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి రింగుల్ని అరగదీస్తాది, ఐదారు వందల కక్కుర్తికి నల్లపొగ కాస్తా నీలం పొగ అయితాది. ఫిల్టర్ తర్వాత టర్బో పైపు పగుళ్ళు, ఈజీఆర్ వాల్వ్ (కొంచెం పొగను మళ్ళీ ఇంజన్‌లోకి పంపేది), నాజిల్స్, ఈ వరసలో చూడండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర డీజిల్ బండికి పొగ సాంద్రత చూస్తారు, బీఎస్ 4 (బండ్ల పొగకి సర్కారు పెట్టిన ప్రమాణాల్లో ఒకటి) కంటే ముందు బండికి 2.45, బీఎస్ 4కి 1.62 దాటకూడదు. ఫెయిలైతే చానామంది చిక్కటి ఆయిల్ పోసో, పొగ తగ్గించే డబ్బా మందు కొట్టో పోతారు. నీలం పొగ కొన్నాళ్ళు దాగుతాది, నల్లపొగకి ఆ ఆయిల్ ఏమీ చేయదు. పాత బండి కొనేటప్పుడు కూడా ఇదే మోసం, మీరు పోయేసరికి బానెట్ వేడిగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి పొగంతా వదిలించినారని అర్థం, "రేపొద్దున ఆరింటికి వస్తా, నేనొచ్చేదాకా తాళం పెట్టొద్దన్నా" అని చెప్పి వచ్చేయండి.

రిపేరు ఏదైనా సరే, డీజిలో కూలెంటో ఆయిల్‌లో కలిసి ఉంటే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి, 500 కిలోమీటర్లకి ఇంకోసారి మార్చండి. తర్వాత మ్యాక్స్ గీత దాకా ఆయిల్ పోసి వెయ్యి కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ ఆ గీతకు రావడానికి ఎంత పట్టిందో కొలవండి. అర లీటరు లోపలైతే ఈ వయసు బండికి నేను పట్టించుకోను. మాది పోయినసారి పావు లీటరు తాగింది.