సింగపూర్‌లో మంచి భారతీయ భోజనం దొరికే చోటు ఎలా వెతకాలి?

సింగపూర్‌లో దిగి ఫోన్‌లో ‘ఇండియన్ రెస్టారెంట్’ అని కొడితే లెక్కలేనన్ని పేర్లు వస్తాయి. వాటిలో చాలావాటి మెనూ ఒకటే: బటర్ చికెన్, మసాలా దోశ, గోబీ మంచూరియా. ఆకలి తీరుతుంది, కానీ ఆ ఊళ్లో అంతకన్నా ఎంతో మంచి తిండి ఉంది. తమిళం అధికార భాషల్లో ఒకటైన నగరమది. మనవాళ్ల వంట అక్కడ తరాలుగా వేళ్లూనుకుని, మలయ్, చైనీస్ రుచులతో కలిసి కొత్త వంటకాలను కూడా పుట్టించింది. వాటిని తినకుండా తిరిగొస్తే నిజంగా నష్టమే.

1. ముందు ఏ వంట కావాలో తేల్చుకోండి

అక్కడ భారతీయ వంటంటే ఒకటి కాదు. ఇడ్లీ, దోశ, భోజనం పెట్టే తమిళ శాకాహార హోటళ్లు ఒక రకం. ప్రాటా (మన పరోటా లాంటిది), ముర్తబా (లోపల మాంసం, గుడ్డు పెట్టి కాల్చిన పరోటా), మీ గోరెంగ్ (వేయించిన నూడుల్స్) చేసే భారతీయ ముస్లింల దుకాణాలు ఇంకో రకం. అరిటాకు వేసి చేప తలకాయ కూర వడ్డించేవి వేరు, ఉత్తరాది తందూరీ వేరు, మన ఆంధ్ర మెస్ తరహావి వేరు. ఒకదాంట్లో చేయి తిరిగినవాళ్లు అన్నీ అంతే బాగా చేస్తారనుకోవద్దు. అందుకే వంటకం పేరుతో వెతకండి: పెసరట్టు, గోంగూర మటన్, ఫిష్ హెడ్ కర్రీ, దమ్ బిర్యానీ. స్టార్ల లెక్క పక్కనబెట్టి, తిన్నవాళ్లు ఈమధ్య పెట్టిన ఫొటోలు చూడండి. కూర మీద నూనె ఎలా తేలింది, అన్నం పలుకు ఎలా ఉంది అన్నది రివ్యూ కన్నా ఫొటోయే బాగా చెబుతుంది.

2. లిటిల్ ఇండియాలో నడవండి

లిటిల్ ఇండియా ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్‌లో దిగి, ఫారర్ పార్క్ స్టేషన్ దాకా నడిస్తే చాలు. సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది. దోశకో భోజనానికో అక్కడ మొదలుపెట్టొచ్చు. దానికి సమాంతరంగా వెళ్లే రేస్ కోర్స్ రోడ్డులో 1969 నాటి ముత్తూస్ కర్రీ, 1974 నాటి బనానా లీఫ్ అపోలో ఉన్నాయి. ఆదివారం సాయంత్రం మాత్రం ఈ వీధులు కిక్కిరిసిపోతాయి. వలస కార్మికులకు సెలవు దొరికేది ఆ రోజే. ప్రశాంతంగా తినాలంటే వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్లండి.

ముర్తబా కోసమైతే బూగిస్ వైపు వెళ్లాలి. నార్త్ బ్రిడ్జ్ రోడ్డులో సుల్తాన్ మసీదుకు ఎదురుగా 1908 నుంచి ఉన్న జామ్ జామ్ దానికి పేరుమోసింది.

3. చేప తలకాయ కూర తినండి

దీనికి ప్రత్యేకంగా ఒక పూట కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. చేప తలకాయంటే చైనీయులకు ఇష్టమని గమనించి, 1940ల చివర్లో గోమెజ్ అనే మలయాళీ దాన్ని మన మసాలా పులుసులో వండి అమ్మాడని చెబుతారు. చింతపండు పులుపు, బెండకాయలు, వంకాయలు, కొన్నిచోట్ల అనాస ముక్కలు. గోదావరి జిల్లాల పులుసు తిన్నవాళ్లకు ఇది దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. పెద్ద తలకాయ కాబట్టి ఒక్కరికి ఎక్కువ, ఇద్దరు ముగ్గురు కలిసి చిన్న సైజు చెప్పండి. కంటి కింద, బుగ్గ దగ్గరి కండ వెన్నలా ఊడి వస్తుంది. ముందు అది తీసుకుని, తర్వాత పులుసు అన్నంలో కలుపుకోండి.

4. హాకర్ సెంటర్‌ను వదలొద్దు

హాకర్ సెంటర్ అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే ప్రాంగణం. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే ఉన్న టెక్కా సెంటర్ కింది అంతస్తులో కూరగాయల, మాంసం మార్కెట్‌తో పాటు తిండి దుకాణాలున్నాయి. బిర్యానీ, ప్రాటా, దోశ, ఇండియన్ రోజాక్ (వేయించిన ముక్కలను తీపి కారం చట్నీతో తినేది) అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. ఏ దుకాణం ముందు వరుస ఉందో, ఆ వరుసలో ఎవరున్నారో చూడండి. చుట్టుపక్కల పనిచేసేవాళ్లు నిలబడితే నమ్మొచ్చు. ప్రాటా అప్పటికప్పుడు పెనం మీద కాలుస్తున్న చోటే కొనండి, ముందే కాల్చి దొంతర పెట్టింది తోలులా సాగుతుంది. దుకాణానికి తగిలించిన గ్రేడు అక్షరం శుభ్రత గురించే గానీ రుచి గురించి కాదు.

సాదా ప్రాటా కావాలంటే ‘కొసొంగ్’ అనండి. ‘తే’ అంటే తియ్యటి డబ్బాపాలు కలిపిన టీ, ‘తే ఓ’ అంటే పాలు లేనిది. తినడం అయ్యాక ట్రే మీరే తీసుకెళ్లి స్టాండులో పెట్టాలి, అది అక్కడ తప్పనిసరి.

5. తినకూడనివి ఉంటే నోరు తెరిచి అడగండి

ప్రాటాతో ఇచ్చే గిన్నెలో చాలాసార్లు చేపల పులుసో మాంసం పులుసో ఉంటుంది. శాకాహారులు పప్పు కావాలని ముందే చెప్పాలి. సాంబల్‌లో (మిరపకాయల పచ్చడి) చాలాసార్లు ఎండు రొయ్యల ముద్ద కలుస్తుంది. భారతీయ ముస్లింల దుకాణాల్లో పంది మాంసం ఉండదు గానీ బీఫ్ ఉండొచ్చు, తిననివాళ్లు కనుక్కోవాలి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఇన్ని మతాలవాళ్లు కలిసి తినే ఊళ్లో అది రోజూ వినే ప్రశ్నే.

6. బిల్లు ముందే లెక్కేసుకోండి

మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, 10 శాతం సర్వీస్ చార్జి, దానిపై 9 శాతం జీఎస్టీ కలుస్తాయని అర్థం. 20 డాలర్ల కూర బిల్లులో దాదాపు 24 అవుతుంది. హాకర్ సెంటర్‌లో బోర్డు మీద ఉన్నదే ధర. కాస్త నగదు దగ్గరుంచుకోండి.

7. మన వంట మీదికి మనసు పోతే

నాలుగు రోజులయ్యాక పప్పు, ఆవకాయ గుర్తుకు రావడం సహజం. ఆంధ్ర హోటల్‌కు వెళ్తే మధ్యాహ్నం భోజనం వేళకే వెళ్లండి. కూర్చున్నాక ముందు పప్పు, రోటి పచ్చడి రుచి చూడండి. పచ్చడిలో తీపి తగిలితే స్థానికుల కోసం కారం తగ్గించారని అర్థం. ‘కారం మన ఊరి లెక్కన వేయండి’ అని వంటవాళ్లకు తెలుగులోనే చెప్పి చూడండి. వంటింట్లో తెలుగువాళ్లుంటే తర్వాత వచ్చే వేపుడు తేడాగా ఉంటుంది. స్థిరపడిన తెలుగువాళ్లు ఎవరైనా పరిచయమైతే, వాళ్లు పండక్కి భోజనాలు ఎక్కడి నుంచి తెప్పిస్తారో అడగండి. బోర్డు పెద్దగా లేని మంచి చోట్లు అలాగే బయటపడతాయి.