పాత జియాన్, కొత్త ల్యాప్‌టాప్: స్పీడ్ లెక్క తేలట్లేదా? సమస్య - పరిష్కారం

రెండిట్లోనూ 14 కోర్లే (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు). ఒకటి 2016లో వచ్చిన ఇంటెల్ సర్వర్ చిప్ జియాన్ ఈ5-2680 వీ4, ఇంకోటి 2022లో వచ్చిన ల్యాప్‌టాప్ చిప్ కోర్ ఐ7-12700హెచ్. సర్వర్ దాంట్లో 28 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు), ల్యాప్‌టాప్ దాంట్లో 20. ఈ లెక్క చూసి సర్వరే స్పీడ్ అనుకుని కూర్చుంటే బ్రౌజర్ తెరిచే దగ్గరే ల్యాప్‌టాప్ దాటేసి వెళ్లిపోతుంది, గంటల తరబడి రెండర్ పెడితే మళ్లీ ఆ తేడా కరిగిపోతుంది. ఈ రెండు చిప్‌లనే పట్టుకుని చెప్తా, మీ మోడల్ వేరేదైనా లక్షణాలు దాదాపు ఇవే ఉంటాయి.

సమస్య: సర్వర్‌లో ఇన్ని థ్రెడ్లున్నా మామూలు పనులు కూడా మెల్లగా అవుతున్నాయి

ముందు టాస్క్ మేనేజర్‌లో మొత్తం సీపీయూ ఎంత వాడుతుందో చూడండి. 3, 4 శాతం దగ్గరే కదలకుండా కూర్చుందంటే దొంగ దొరికినట్టే, ఎందుకంటే 28లో ఒక్క థ్రెడ్ ఫుల్‌గా నడిస్తే వచ్చేది సరిగ్గా అంతే. మీ ప్రోగ్రామ్ ఒకే థ్రెడ్ మీద పరిగెడుతోంది, మిగతా 27 ఖాళీగా ఉన్నాయి. ఈ జియాన్ ఎంత తొక్కినా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు, అది కూడా ఒకటీ రెండు కోర్లు పనిచేసేటప్పుడే, అన్నీ పనిలో పడితే 2.9కి దిగుతుంది. 12700హెచ్‌లో పెద్దవీ చిన్నవీ రెండు రకాల కోర్లుంటాయి, పెద్ద కోర్ 4.7 దాకా వెళ్తుంది, పైగా ఒక్కో గిగాహెర్ట్జ్‌కి అది చేసే పని కూడా ఎక్కువ, ఆరేళ్ల డిజైన్ తేడా అంటే చిన్నది కాదు కదా.

ఏం చెయ్యాలంటే, ప్రోగ్రామ్‌లో థ్రెడ్ల సెట్టింగ్ ఏమైనా ఉందేమో వెతకండి, చాలా కంపైలర్, కంప్రెషన్ టూల్స్ అడగకపోతే ఒక్క థ్రెడ్‌తోనే సరిపెట్టుకుంటాయి. అలాంటి సెట్టింగే లేకపోతే ఆ పనిని ల్యాప్‌టాప్‌కి మార్చెయ్యండి, దానికోసం సర్వర్‌లో ఇంకో ప్రాసెసర్ పెట్టినా ఒరిగేదేం లేదు. ఇంకోటి, పాత సర్వర్ బోర్డుల బయోస్‌లో (ఆన్ చేయగానే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) పవర్ ప్రొఫైల్ అని ఉంటుంది, అది పొదుపు మోడ్‌లో ఉండి క్లాక్ 1.2 దగ్గరే ఇరుక్కుపోయుంటే పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. నా ఉద్దేశంలో మొదట చూడాల్సింది ఇదే, పైసా ఖర్చు లేదు కాబట్టి.

సమస్య: ల్యాప్‌టాప్ మొదట్లో దూసుకుపోయి కాసేపటికి చతికిలబడుతోంది

అందరూ కంప్లైంట్ చేసేది దీని గురించే, బెంచ్‌మార్క్ గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. 12700హెచ్ బేస్ పవర్ 45 వాట్లు, కానీ టర్బోలో (కాసేపు మామూలు కంటే స్పీడుగా నడిచేటప్పుడు) 115 వాట్ల దాకా లాగొచ్చు. ఆ 115 ఎంతసేపు ఉంటుందనేది ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన లిమిట్, ఫ్యాన్, హీట్ పైప్ సైజు బట్టి ఉంటుంది, అందుకే ఒకే చిప్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు వేరేవేరే స్కోర్లు ఇస్తాయి. జియాన్ 120 వాట్ల చిప్, పెద్ద హీట్ సింక్, గోలగా తిరిగే ఫ్యాన్లు, మొదటి నిమిషంలో ఏ స్పీడో మూడో గంటలోనూ దాదాపు అదే స్పీడ్.

కాబట్టి ఒక్క నిమిషం టెస్ట్ పెట్టి తీర్పు ఇవ్వకండి. స్పీడ్ కొలిచే సినీబెంచ్ ఆర్23లో పది నిమిషాలు తిప్పే ఆప్షన్ ఉంది, దాన్నే వాడండి, అది నడుస్తుండగా పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టూల్‌లో క్లాక్, వాట్లు, టెంపరేచర్ మూడూ గమనించండి. టెంపరేచర్ 90లు దాటి క్లాక్ పడుతుంటే అది వేడి సమస్య: దుమ్ము తీయించండి, థర్మల్ పేస్ట్ మార్పించండి, వెనక వైపు కాస్త ఎత్తు పెట్టండి, పరుపు మీద మాత్రం పెట్టొద్దు. అలా కాకుండా టెంపరేచర్ 70ల్లోనే ఉండి వాట్లు 45 దగ్గర ఆగిపోతే అది పవర్ లిమిట్, కంపెనీ ఇచ్చిన యాప్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ పెడితే కొంత పెరగొచ్చు, ఛార్జర్ కూడా ఒరిజినల్‌దే గుచ్చి ఉండాలి, బ్యాటరీ మీద పెట్టిన టెస్ట్‌ని అసలు లెక్కలోకే తీసుకోకండి. అన్నట్టు ఆర్20, ఆర్23, 2024 వెర్షన్ల స్కోర్లు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు, తెలియక పోల్చేవాళ్లు బోలెడంతమంది.

సమస్య: విండో కిందకి మినిమైజ్ చేయగానే పని నెమ్మదిస్తోంది

ఇది జియాన్‌లో ఎప్పుడూ చూసుండరు, దాంట్లో 14 కోర్లూ ఒకేలాంటివి. 12700హెచ్‌లో పెద్దవి 6, చిన్నవి 8, చిన్నవాటికి గరిష్ఠం 3.5 గిగాహెర్ట్జ్, హైపర్ థ్రెడింగ్ (ఒక్క కోర్ రెండు థ్రెడ్లు నడపడం) పెద్దవాటికే ఉంది కాబట్టే 20 థ్రెడ్ల లెక్క. వెనక్కి వెళ్లిన ప్రోగ్రామ్‌ని విండోస్ చిన్న కోర్లకి నెట్టేస్తుంటుంది, వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్) వాడేవాళ్లకి ఇది బాగా తగులుతుంది. పవర్ మోడ్‌ని బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, విండోస్ 10 ఉంటే 11కి మారండి ఎందుకంటే ఈ కోర్ల తేడా దానికే బాగా అర్థమవుతుంది, అయినా తగ్గకపోతే టాస్క్ మేనేజర్‌లో అఫినిటీకి (ప్రోగ్రామ్ ఏ కోర్లు వాడాలో చెప్పే చోటికి) వెళ్లి పెద్ద కోర్లకి కట్టేయండి. లైనక్స్ అయితే టాస్క్‌సెట్ కమాండ్ చాలు.

సమస్య: రివ్యూల్లో చెప్పినంత స్పీడ్ రెండిట్లో దేంట్లోనూ రావట్లేదు

ర్యామ్ ఎన్ని స్లాట్లలో ఉందో చూడండి. జియాన్‌కి నాలుగు మెమరీ ఛానెళ్లు (ర్యామ్‌కి వెళ్లే దారులు), డీడీఆర్4-2400 నాలుగూ నిండితే సెకనుకి 76.8 జీబీ. ల్యాప్‌టాప్‌కి రెండే, కానీ డీడీఆర్5-4800 రెండూ నిండితే అదీ 76.8 జీబీయే, చూశారా ఎలా సమానమైపోయిందో. చాలా సెకండ్ హ్యాండ్ సర్వర్లు ఒక్క ర్యామ్ స్టిక్‌తో అమ్ముతారు, అప్పుడు వచ్చేది పావు వంతు బ్యాండ్‌విడ్త్. కొత్త ల్యాప్‌టాప్‌లో కూడా ఒక్క స్టిక్కే ఉంటే సగం పోయినట్టు. సీపీయూ-జెడ్ అనే టూల్‌లో మెమరీ ట్యాబ్ తెరిచి ఛానెల్ ఎంతో చూసుకుని, అన్ని ఛానెళ్లకీ ఒకే సైజు స్టిక్కులు వేయండి.

రెండు జియాన్లున్న బోర్డు అయితే ఇంకో తిరకాసు, ఒక ప్రాసెసర్ పక్కనున్న ర్యామ్‌లోకి రెండోది వెళ్లాలంటే దూరం, అందుకే కొన్ని ప్రోగ్రామ్‌లు రెండు ప్రాసెసర్ల మీద పెట్టినప్పుడే ఇంకా నెమ్మదిగా నడుస్తాయి. లైనక్స్‌లో న్యూమాసీటీఎల్ కమాండ్‌తో ప్రోగ్రామ్‌ని ఒకే ప్రాసెసర్ వైపు కట్టి చూడండి, తేడా తెలిసిపోద్ది.

సమస్య: ల్యాప్‌టాప్‌లో నడిచే ప్రోగ్రామ్ సర్వర్‌లో ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ఆగిపోతోంది

మీది ఇంకా పాత జియాన్, ఈ5 వీ1 లేదా వీ2 అయ్యుంటుంది. వాటిలో ఏవీఎక్స్2 (కొన్ని ప్రోగ్రామ్‌లు వాడుకునే అదనపు సీపీయూ ఆదేశాలు) లేదు, 2014లో వచ్చిన వీ3 నుంచే ఉంది. ఆ ప్రోగ్రామ్‌కి ఏవీఎక్స్2 లేని బిల్డ్ దొరికితే సరే, సోర్స్ ఉంటే సర్వర్‌లోనే కంపైల్ చేసుకోండి. రెండూ కుదరకపోతే ప్రాసెసర్ మార్చడమే, అయితే వీ2 బోర్డులో వీ3, వీ4 పట్టవు, సాకెట్ వేరు.

సమస్య: సర్వర్‌లో వీడియో ఆగి ఆగి వస్తోంది

జియాన్‌లో గ్రాఫిక్స్ లేదు, వీడియో డీకోడ్ భారమంతా కోర్ల మీదే. 12700హెచ్‌లో ఉన్న గ్రాఫిక్స్ కొత్త వీడియో ఫార్మాట్ ఏవీ1 దాకా సొంతంగా డీకోడ్ చేస్తుంది. ఏదో ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డ్ గుచ్చండి, స్లాట్లకి కొదవ లేదు, ఒక్కో ప్రాసెసర్‌కి 40 పీసీఐఈ లేన్లు (కార్డులు వాడుకునే దారులు) ఉన్నాయి.

సమస్య: వర్చువల్ మెషీన్లు నాలుగైదు పెట్టగానే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది

సీపీయూని తిట్టకముందు ర్యామ్ నిండి డిస్క్ మీద స్వాప్ (ర్యామ్ బదులు డిస్క్ వాడుకోవడం) అవుతోందేమో చూడండి. 12700హెచ్‌కి ఇంటెల్ చెప్పిన పరిమితి 64 జీబీ, ఈసీసీ (మెమరీ తప్పుల్ని తనే సరిచేసుకునే ర్యామ్) సపోర్ట్ కూడా లేదు, జియాన్‌కి 1.5 టీబీ దాకా పడుతుంది. ఇక్కడ ల్యాప్‌టాప్‌ని ట్యూన్ చేసి లాభం లేదు, మెషీన్లన్నీ సర్వర్‌లో పెట్టి ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచే) వాడుకోండి. సర్వర్ ర్యామ్ చౌకగా దొరికింది కదా అని ల్యాప్‌టాప్‌కి మాత్రం కొనకండి, సైజే వేరు, అది రిజిస్టర్డ్ అనే సర్వర్ రకం ర్యామ్ కూడా, ఎలాగూ పట్టదు.